"ఇందులో కొత్తేముంది?" అని అడిగితే ఏం చెప్పాలి

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను అనంతపురం వైపు ఒక ఊళ్లో జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. 2023లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. నా అంశం "ఉమ్మడి అనంతపురం జిల్లా తోలుబొమ్మలాట – సమగ్ర పరిశీలన". కోర్స్‌వర్క్ (మొదట చదివి పరీక్ష రాయాల్సిన పేపర్లు) పూర్తయింది. పోయిన సెమిస్టర్‌లో కమిటీ ముందు సెమినార్ ఇచ్చాను. 42 స్లైడ్లు చేసుకున్నాను. సగం కూడా కాకముందే టైమ్ అయిపోయిందన్నారు. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు "అమ్మా, ఇందులో కొత్తేముంది?" అని అడిగారు. నోట మాట రాలేదు. బయటికొచ్చి బాత్రూమ్‌లో నిలబడి ఏడ్చాను. వచ్చే నెల మళ్లీ సెమినార్. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. థీసిస్‌కి ఏమేం కావాలో కూడా స్పష్టంగా తెలియదు. రెండు పేపర్లు పబ్లిష్ కావాలని ఒకరు, 300 పేజీలు తగ్గకూడదని ఒకరు, ఆరేళ్లు దాటితే రద్దని ఒకరు చెబుతున్నారు. గైడ్ గారు మంచివారే. కానీ ఎప్పుడడిగినా "రాయమ్మా, చూద్దాం" అంటారు. నాకు నాలుగేళ్ల పాప ఉంది. మానేయమంటారా?

ఇంకో మాట, అంశానికి సంబంధం లేదేమో. నేను వెళ్లిన ఒక ఇంట్లో డెబ్బై దాటిన తాత ఉన్నారు. "బొమ్మకి కీలు ఎక్కడ కట్టాలో నాకు తెలుసు, రంగు ఎక్కడ వేయాలో మావాడికి తెలుసు. ల్యాంపు మీద రాముడు చెయ్యెత్తే పని లేదు కదమ్మా" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ ఆఖరి ప్రశ్నకి చెబుతాను. మానేయొద్దు. ఊరికే ధైర్యం చెప్పాలని అనడం లేదు. ఆ ప్రొఫెసర్ గారు అడిగినదానికి జవాబు మీ దగ్గర ఉంది కాబట్టి అంటున్నాను. మీరు చేసుకున్న 42 స్లైడ్లలో అది ఎక్కడా కనబడలేదేమో గానీ, "అంశానికి సంబంధం లేదేమో" అంటూ మొహమాటంగా రాసిన ఆ నాలుగు ముక్కల్లో ఉంది.

ఆ తాత మాటని కాసేపు చేతిలోకి తీసుకుని చూద్దాం. మీకు తెలిసిందే, తోలుబొమ్మ ఒకే తోలు ముక్క కాదు. తల, మొండెం, భుజం, ముంజేయి వేరువేరుగా కోసి, చిల్లులు పొడిచి, దారంతో కడతారు. ఆ కట్టిన చోటే కీలు. దారం బిగుసుకుంటే చెయ్యి లేవదు, మరీ వదులైతే వేలాడిపోతుంది. తెర వెనక పుల్ల కదిపినప్పుడు హనుమంతుడు గద ఎత్తాలన్నా, కేతిగాడు బంగారక్క మీదికి ఎగరాలన్నా అంతా ఆ ముడిలోనే ఉంది. ఇప్పుడు అదే మేకతోలు, అదే రాముడు ల్యాంప్‌షేడ్ మీదికి వచ్చారు. తీగ చట్రానికి తోలు బిగించి కుట్టేస్తారు. బొమ్మ కదలక్కర్లేదు, కాబట్టి కీలు అక్కర్లేదు. ఒకప్పుడు బొమ్మ గీసే విద్య, బొమ్మని ఆడించే విద్య ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఇప్పుడు తండ్రి దగ్గర ఒకటి, కొడుకు దగ్గర ఒకటి మిగిలాయి అంటున్నారు ఆ తాత.

తోలుబొమ్మలాట మీద రాసే వ్యాసాల్లో చాలావాటికి ముగింపు ఒకటే: "ఈ కళ అంతరించిపోతోంది, ప్రభుత్వం ఆదుకోవాలి." అందులో అబద్ధం లేదు. కానీ ఆ వాక్యం రాయడానికి మూడేళ్ల పరిశోధన అక్కర్లేదు. మీ తాత అంతకంటే కచ్చితమైన సంగతి చెబుతున్నారు. కళ మొత్తంగా పోలేదు, రెండుగా చీలింది, అమ్ముడయ్యే సగం బతికి ఆడే సగం కూలబడింది. ఇది నిజమని మీరు చూపించగలిగితే, అదే మీ థీసిస్. "కొత్తేముంది?" అన్నదానికి అదే జవాబు.

చూపించగలిగితే అన్నాను, గమనించండి. ఒక పెద్దాయన అన్న ఒక్క మాట రుజువు కాదు, అది ప్రశ్న. దాన్ని పట్టుకుని ధర్మవరం మండలం నిమ్మలకుంటతో మొదలుపెట్టి, మీరు తిరుగుతున్న మిగతా ఊళ్లలో ఒక ఇరవై ఇళ్లకి వెళ్లండి. ప్రతి ఇంట్లో రెండు తరాలవాళ్లనీ విడివిడిగా అడగండి. కీలు ఎవరు కట్టగలరు? ఒక కథ మొత్తం తెర వెనక పాడగలిగేవాళ్లు ఎవరు మిగిలారు? ఆ ఇంట్లో మొదటి ల్యాంప్‌షేడ్ ఏ సంవత్సరం చేశారు, ఎవరు అడిగితే చేశారు? తర్వాత పాత పెట్టె తెరిపించి పాత బొమ్మకి ఎన్ని కీళ్లున్నాయో, ఈమధ్య చేసినదానికి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆ లెక్కని ఒక పట్టికగా వేస్తే, కమిటీలో ఎవరూ కొత్తేముందని అడగరు. అడిగితే పట్టిక మీద అడుగుతారు. ఆ అడగడం వేరు.

లెక్క తిరగబడొచ్చు కూడా. కొన్ని ఇళ్లలో కొడుకులకీ కీలు కట్టడం వస్తుండవచ్చు. ఆడవాళ్ల చేతుల్లో ఆ విద్య మిగిలి ఉండవచ్చు, మనం అడగక తెలియకపోవచ్చు. అప్పుడు మీ వాదన మారుతుంది. మారనివ్వండి.

ఇక సెమినార్ సంగతి.

నా సంగతొకటి చెబుతాను. నేను పల్లెపదాల మీద పని చేశాను. నా మొదటి సెమినార్‌లో ఒక పెద్దమనిషి, "ఈ పాటలు ఎవరు పాడతారో చెప్పావు, ఎప్పుడు పాడటం మానేశారో చెప్పలేదేం?" అని గద్దించారు. అందరి ముందు ఆ గొంతుతో అడగడం నాకు అవమానంగా తోచింది. ఐదు నెలలు డిపార్ట్‌మెంట్ గడప తొక్కలేదు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్న నా స్నేహితురాలు అడిగిన ప్రశ్నలన్నీ ఒక మెస్ బిల్లు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టింది. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "అప్పుడు నువ్వు వినలేదు, ఇప్పుడు చదువు" అంది. అందులో మూడో ప్రశ్న అదే. ఊళ్లో రైస్‌మిల్లు వచ్చి దంపుళ్లు ఆగిపోయాక దంపుడు పాటలు ఏమయ్యాయని నేను అడగడం ఆ కాగితం చదివాకే మొదలైంది. నా నాలుగో అధ్యాయం అక్కడ పుట్టింది. ఆయన గొంతు తప్పు అని ఇప్పటికీ అంటాను. స్కాలర్‌ని ఏడిపించి పంపడం ఏ గురువుకీ గౌరవం కాదు. కానీ ప్రశ్న మంచిది, నేను ఐదు నెలలు దాన్ని పోగొట్టుకున్నాను.

అందుకే మీకు మొదట చెప్పేది, ఈసారి సెమినార్‌కి ఒక తోటి స్కాలర్‌ని తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి. ఆమెకి ఒకటే పని. ఎవరు ఏమడిగినా ఉన్నది ఉన్నట్టు రాయడం. పైన నిలబడ్డ మనిషికి చెవులు సరిగా పనిచేయవు, అది మీ లోపం కాదు. రేపు ఆమె సెమినార్ అయినప్పుడు మీరు వెళ్లి రాసిపెట్టండి.

రెండోది, ఆ కమిటీ ఎందుకుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబర్ 7న నోటిఫై చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి స్కాలర్‌కీ ఒక పరిశోధనా సలహా కమిటీ ఉండాలి. దానికి కన్వీనర్ మీ గైడే. అంశం ఖరారు చేయడం, పద్ధతి కుదుర్చుకోవడంలో దారి చూపించడం, పని ఎలా సాగుతోందో చూసి సాయపడటం దాని పని. మీరు ప్రతి సెమిస్టర్‌లోనూ ఆ కమిటీ ముందు మాట్లాడి, చిన్న నివేదిక ఇవ్వాలి. మీకు డిగ్రీ ఇవ్వాలో వద్దో తేల్చేది ఈ సెమినార్ కాదు. అది బయటి పరీక్షకులు, వైవా (మౌఖిక పరీక్ష) తేల్చే సంగతి. అయితే పని సంతృప్తికరంగా లేదనిపిస్తే కమిటీ కారణాలు రాసి, ఏం దిద్దుకోవాలో చెప్పాలి. చెప్పింది చేయకపోతే అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దుకి సిఫార్సు చేయొచ్చు. అంటే ఒక్క సెమినార్‌లో నోరు పెగలకపోతే రద్దు కాదు, చెప్పింది పట్టించుకోకపోతే ఇబ్బంది. అందుకే ఆ రాత కాగితం మీకు కావాలి. పోయిన సెమినార్ మినిట్స్ (ఆ రోజు ఎవరేం చెప్పారో రాసిన కాగితం) కాపీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి తీసుకోండి. కొత్త సెమినార్‌ని "పోయినసారి మీరు ఈ మూడు విషయాలు చెప్పారు, రెండు చేశాను, మూడోది ఇక్కడ ఆగింది" అని మొదలుపెట్టండి. అలా మొదలుపెట్టిన స్కాలర్‌ని నేను కమిటీలో కూర్చున్నప్పుడు మధ్యలో ఆపబుద్ధి కాలేదు ఎప్పుడూ.

స్లైడ్ల గురించి. మీ 42 స్లైడ్లు నేను చూడలేదు గానీ వరస ఊహించగలను, ఎందుకంటే మన డిపార్ట్‌మెంట్లలో అందరం ఆ వరసే నేర్చుకున్నాం. జిల్లా ఎల్లలు, మండలాల సంఖ్య, నదులు, వర్షపాతం, విజయనగర కాలం, జానపదం అంటే ఏమిటి, జానపద కళలు ఎన్ని రకాలు, ఆ తర్వాత ఎప్పటికో తోలుబొమ్మ. మీ బొమ్మ తెర మీదికి వచ్చేసరికి టైమ్ అయిపోయి ఉంటుంది. థీసిస్‌లు కూడా ఇలాగే మొదటి అరవై, డెబ్బై పేజీలు జిల్లా గెజిటీర్‌లా (జిల్లా వివరాలన్నీ గుదిగుచ్చిన సర్కారు పుస్తకంలా) నడుస్తాయి. ఏ అంశానికైనా అదే మొదటి అధ్యాయం అతికించవచ్చంటే అది ఏ అంశానికీ చెందనిదే.

వర్షపాతం పట్టిక తీసెయ్యమనడం లేదు. అదెందుకుందో చెప్పమంటున్నాను. వానలు ముఖం చాటేస్తే విరాటపర్వం చదివించడం, ఆడించడం మన పల్లెల్లో ఉన్న నమ్మకం. మీ ఊళ్లలో కరువు ఏడాది ఆటలు పెరిగేవా, తగ్గేవా? వాన కోసం ఆట కట్టించే ఊళ్లు పెరుగుతాయా, గింజలు లేక కళాకారుడికి ఇచ్చే మేర (పంటలో వాటా) తగ్గుతుందా? ఆ ప్రశ్న పక్కన పెడితే వర్షపాతం పట్టికకి ప్రాణం వస్తుంది. లేకపోతే అనుబంధంలోకి పంపండి.

ఇరవై నిమిషాల సెమినార్‌కి పది స్లైడ్లు చాలు. మొదటి స్లైడ్‌లో ఆ తాత మాట పెట్టండి, ఆయన అన్నది అన్నట్టుగా. రెండోదాంట్లో పాత బొమ్మ భుజం, ల్యాంప్‌షేడ్ మీద రాముడి భుజం, రెండు ఫొటోలు పక్కపక్కన. అప్పుడు నోటితో ఇలా చెప్పండి: "తోలుబొమ్మ చేయడం, ఆడించడం ఒకే విద్యగా ఉండేది. అలంకరణ వస్తువుల మార్కెట్ వచ్చాక ఈ రెండూ ఎలా విడిపోయాయి, ఎవరి చేతిలో ఏది మిగిలింది అన్నది నా ప్రశ్న. ఇప్పటిదాకా ఇన్ని ఇళ్లు చూశాను. నాకు కనిపించింది ఇది. నాకు తెలియనిది ఇది." ఆఖరి వాక్యం తప్పకుండా చెప్పండి. తేలని చోటు ఒకటి మీరే కమిటీ ముందు పెడితే, వాళ్లు పరీక్ష పెట్టేవాళ్లలా ఉండటం మానేసి మీతోపాటు ఆలోచించడం మొదలుపెడతారు. ఉదాహరణకి చాలా కుటుంబాల్లో ఇంటి భాష ఆరె మరాఠీ, ఆట తెలుగులో. పనిముట్ల పేర్లు, కీళ్ల పేర్లు ఏ భాషలో ఉన్నాయి, రెండు భాషల్లోనూ ఉంటే ఏ పేరు వాడాలి అని అడగండి. కమిటీలో భాషాశాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కరున్నా మీకు మంచి సలహా దొరుకుతుంది.

జవాబు తెలియని ప్రశ్న వచ్చిందా, "ఈ కోణం నేను చూడలేదండీ, రాసుకుంటున్నాను" అని నిజంగానే రాసుకోండి. తడబడుతూ ఏదో ఒకటి చెప్పేకన్నా అది ఎంతో మర్యాద. సెమినార్ అయిన మర్నాడు, పాప నిద్రపోయాక ఒక గంట కూర్చుని, వచ్చిన ప్రశ్నలు, వాటికి మీరు చేయబోయే పని ఒక్క పేజీలో టైప్ చేసి గైడ్ గారికి మెయిల్ పెట్టండి. వారం ఆగితే సగం మర్చిపోతారు.

ముందు ఇంట్లో ఒకసారి చెప్పుకోండి. ఈ అంశం ఏమాత్రం తెలియని మనిషికి, మీ అమ్మగారికో ఆడపడుచుకో, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చెప్పండి. వాళ్లకి ఎక్కడ ఆవలింత వచ్చిందో అక్కడ కోత వేయండి.

ఇప్పుడు రూల్స్. తలా ఒక మాట చెబుతున్నారని రాశారు. వాళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదమ్మా. చేరిన తేదీని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో నిబంధన వర్తిస్తుంది. 2022 నవంబర్ 7 కంటే ముందు రిజిస్టరైన మీ సీనియర్లకి 2016 నిబంధనలు. వాటిలో థీసిస్ ఇచ్చే ముందు కనీసం ఒక పేపర్ ప్రచురించాలి, సదస్సుల్లో రెండు పత్రాలు సమర్పించాలి అని ఉంది. వాళ్లు తమ అనుభవం చెబుతున్నారు. మీరు 2023లో చేరారు కాబట్టి మీకు 2022 నిబంధనలు. వాటిలో పేపర్ ప్రచురణ తప్పనిసరి అన్న మాట లేదు. కానీ ఇక్కడ తొందరపడకండి. విశ్వవిద్యాలయం తన సొంత నియమాల్లో పేపర్ కావాలని పెట్టుకోవచ్చు. మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ నియమావళి, మీరు చేరిన సంవత్సరానిది, రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి ఒక కాపీ తెచ్చుకుని పసుపు పెన్నుతో గీతలు పెట్టుకోండి. క్యాంటీన్లో విన్న రూల్‌ని నమ్మి ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

తప్పనిసరి అయినా కాకపోయినా ఒక మంచి పేపర్ రాయమనే నేనంటాను. పెట్టె తెరిచి కీళ్లు లెక్కపెట్టిన ఆ పట్టిక చాలు, అదే ఒక వ్యాసం. కానీ వారంలో వేస్తాం, ఇంత డబ్బు పంపండి అని వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టే పత్రికల జోలికి పోవద్దు. ఇదివరకు యూజీసీ కేర్ లిస్ట్ అని మంచి పత్రికల జాబితా ఒకటి ఉండేది, అందులో ఉందా లేదా అని చూసుకుంటే సరిపోయేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితాని ఆపేసింది. ఇప్పుడు పత్రిక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి. సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఈ రంగంలో పని చేసినవాళ్లేనా, వ్యాసాన్ని నిపుణులకి పంపి దిద్దిస్తారా, పాత సంచికలు దొరుకుతున్నాయా అన్నది చూడండి. మీ జీతంలోంచి వేలకి వేలు కట్టి వేయించుకున్న పేపర్, రేపు ఇంటర్వ్యూలో మీ మీదే ప్రశ్నై కూర్చుంటుంది.

300 పేజీలన్న లెక్క యూజీసీ నిబంధనల్లో లేదు. మీ యూనివర్సిటీ నియమావళిలో ఉంటే ఉండొచ్చు, చూడండి. కోర్స్‌వర్క్ 12 క్రెడిట్లకి తగ్గకుండా, 55 శాతం మార్కులతో పూర్తయి ఉండాలి. అందులో పరిశోధన, ప్రచురణల నైతికత పేపర్ కూడా ఉందో లేదో మార్క్స్ మెమో తీసి చూసుకోండి. సబ్మిషన్ రోజున ఆ ఒక్క పేపర్ లేక వెనక్కి తిరగాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పార్ట్‌టైమ్ కాబట్టి మీ కాలేజీ ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా ఫైల్లో ఉండాలి.

గడువు విషయంలో మీకు భయం అక్కర్లేదు. మామూలుగా చేరిన రోజు నుంచి ఆరేళ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకి మరో రెండేళ్లు ఇవ్వొచ్చు, మొత్తం పదేళ్లు మించకుండా. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. పొడిగింపు దానంతటదే రాదు, అప్లికేషన్ గడువులోపు పెట్టాలి. మీ ఆరో ఏడు ఏ తేదీన పూర్తవుతుందో క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి. పదేళ్లున్నాయి కదా అని మాత్రం సాగదీయకండి. మీ అంశంలో సమయం మీ చేతిలో లేదు. ఆ తాతకి డెబ్బై దాటాయి.

చిత్తుప్రతి తయారయ్యాక ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఉంటుంది. అది మీ కమిటీ ముందే, కానీ అధ్యాపకులూ మిగతా స్కాలర్లూ ఎవరైనా వచ్చి వినొచ్చు, అడగొచ్చు. అక్కడ వచ్చిన సూచనలు కలుపుకున్నాకే థీసిస్ బైండింగ్‌కి వెళ్లాలి. దాన్ని మీ గైడ్ గారితో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదువుతారు. ఇద్దరిలో ఒకరు వద్దంటే మూడో మనిషికి పంపుతారు, ఒక్కరి మాటతో అంతా పోదు. ఆ తర్వాత వైవా. సమర్పించిన ఆర్నెల్లలో ఇదంతా ముగించాలని నిబంధన. డిగ్రీ ఇచ్చేముందు సాఫ్ట్ కాపీ యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి వెళ్లి, థీసిస్‌లు దాచే వెబ్‌సైట్ శోధగంగలో చేరుతుంది. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మీరు కూడా ఇప్పుడు శోధగంగ తెరిచి తోలుబొమ్మలాట మీద ఇంతకుముందు వచ్చిన థీసిస్‌లు చూడండి. వాళ్లు వదిలేసిన చోటు ఏదో ఒక పేజీలో రాసుకుంటే, సెమినార్‌లో సగం ప్రశ్నలకి జవాబు అక్కడే దొరుకుతుంది.

సిమిలారిటీ రిపోర్ట్, అంటే మీ రాత ఇతరుల రాతతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపుంటే చర్య ఉండదు. పది నుంచి నలభై దాకా ఉంటే ఆర్నెల్లలోపు దిద్ది ఇవ్వమంటారు. నలభై నుంచి అరవై అయితే ఏడాదిపాటు సవరించి ఇవ్వడానికి కూడా వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపించి కొటేషన్లలో పెట్టిన మాటలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలో, యాదృచ్ఛికంగానో వరసగా పద్నాలుగు పదాల దాకా కలిసినా లెక్కించరు. అయినా పాత థీసిస్‌లోంచి జానపద నిర్వచనాలు ఎత్తుకొచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మీ మొదటి అధ్యాయం గెజిటీర్‌లా ఉండకూడదనడానికి ఇదీ ఒక కారణం.

ఒక చిన్న పని ఇప్పుడే చేయండి. మీ అధ్యాయాలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయిస్తుంటే ఆపేయండి. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌లో టైప్ చేయండి, లేదా చేయించండి. అను ఫాంట్లలో ఉన్న ఫైల్‌లో "కీలు" అని వెతికితే దొరకదు. చివర్లో మార్చబోతే ఒత్తులు ఎగిరిపోయి, నాలుగు వందల పేజీలు మళ్లీ ప్రూఫ్ చూడాల్సి వస్తుంది. సబ్మిషన్ ముందు రాత్రి ఆ పని చేస్తూ ఏడ్చిన స్కాలర్లకి నేను టీ పెట్టిచ్చాను.

గైడ్ గారి విషయం. "రాయమ్మా, చూద్దాం" అన్న మాటలో నిర్లక్ష్యం వెతక్కండి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్ల దాకా ఉండొచ్చు. పైగా పాఠాలు, పరీక్షలు, అడ్మిషన్లు. "ఏం చేయమంటారు సార్" అని వట్టి చేతులతో వెళ్లి అడిగితే ఎవరైనా "రాయమ్మా" అనే అంటారు. పది పేజీలు తీసుకెళ్లండి, పైన రెండు ప్రశ్నలు రాసిపెట్టండి. "ఈ పట్టిక మూడో అధ్యాయంలో పెట్టాలా, నాలుగులోనా? ఈ ఇంటివాళ్ల పేర్లు రాయొచ్చా, మార్చాలా?" ఒక్క మాటలో చెప్పగలిగే ప్రశ్నలు కాబట్టి నిలబడే చెబుతారు. నెలకొకసారి, ఒకే వారంలో, ఒకే రోజున వెళ్లండి. మూడు నెలల్లో అది ఆయనకీ అలవాటవుతుంది. ఇంత చేసినా ఆరు నెలలపాటు ఒక్క పేజీ చూడకపోతే, అప్పుడు కమిటీలో ఇంకొకరితో మాట్లాడండి. అది గైడ్‌ని కాదనడం అవదు, కమిటీ ఉన్నదే అందుకు.

పేర్లు రాయొచ్చా అన్నది మాట వరసకి అడగలేదు. మీరు వెళ్లిన ప్రతి ఇంట్లో, రికార్డు చేసే ముందు, ఇది ఎందుకో, ఎక్కడ అచ్చవుతుందో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఫోన్ రికార్డర్‌లో వాళ్ల నోటితోనే చెప్పించుకున్నా మంచిదే. ఆ ఇళ్లకి కెమెరాలతో వచ్చి, ఫొటోలు తీసుకుని, మళ్లీ ముఖం చూపించనివాళ్లు చాలామంది. మీ అధ్యాయం పూర్తయ్యాక వాళ్ల గురించి రాసింది వాళ్లకి చదివి వినిపించండి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దుతారు. కీళ్ల పేర్లు, పనిముట్ల పేర్లు, రంగుల పేర్లు ఒక పదకోశంగా చివర చేర్చండి. మీ వాదనతో రేపు ఎవరైనా విభేదించవచ్చు, ఆ పదకోశం మాత్రం ఇంకో యాభై ఏళ్లకి కూడా ఎవరికో అవసరమవుతుంది.

పాప గురించి ఒక్క మాట. రోజూ రాత్రి మూడు గంటలు రాయాలని పెట్టుకుని, కుదరక, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కాలేజీ, ఇల్లు చూసుకుంటూ చేసే మనిషికి ఆదివారం ఉదయం రెండు గంటలు తలుపేసుకుని దొరికితే చాలు. ఆ రెండు గంటలూ పాపని ఎవరు చూసుకుంటారో ఇంట్లో ముందే మాట్లాడి తేల్చుకోండి. వారానికి మూడు పేజీలు వచ్చినా ఏడాదికి నూట యాభై.

సెమినార్ వచ్చే నెలన్నారు కదా. ఈ ఆదివారం రాయడం పక్కన పెట్టి ఆ తాత దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. కీలు కట్టి చూపించమని అడగండి. దారం ఎక్కడ గుచ్చారో, ఎన్ని చుట్లు తిప్పారో, ముడి ఎలా వేశారో వీడియో తీయండి. ఆయన కట్టిన చెయ్యి ఒకటి ఇమ్మని అడిగి, దానికి తగిన డబ్బు ఇచ్చి తెచ్చుకోండి. సెమినార్ గదిలో, మొదటి స్లైడ్ వేయకముందు, ఆ చెయ్యి ముందు బల్ల మీద కూర్చున్న ప్రొఫెసర్ గారి చేతికివ్వండి. ఆయన మోచేతి దగ్గర వంచి చూస్తారు, ఎవరైనా చూస్తారు. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టండి.

ఆ రోజు ఏమడిగారో నాకు రాయండి.